రికార్డ్ డేట్ రోజే షేర్లు కొన్నాను, డివిడెండ్ రాలేదు... చెల్లికి ఏమని చెప్పను?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. నాలుగు పేజీలది, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడ టీచరు. రెండేళ్లుగా జీతంలో మిగిలినదాంతో కొద్దికొద్దిగా షేర్లు కొంటున్నారు. చెల్లెలికి షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా లేదు కానీ అక్క మీద బోలెడు నమ్మకం. ఒక బుధవారం రాత్రి ఫ్యామిలీ గ్రూపులో బంధువొకరు మెసేజ్ పెట్టారు. ఒక కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకి పంచే డబ్బు కింద 1200 శాతం ప్రత్యేక డివిడెండ్ ఇస్తోందని, రికార్డ్ డేట్ శుక్రవారమని, ఆ రోజుకి షేర్లు ఉంటే చాలని దాని సారాంశం. అక్కాచెల్లెళ్లు చెరి సగం వేసుకుందామనుకున్నారు. చెల్లెలి డబ్బు రావడం గురువారం రాత్రి అయింది. శుక్రవారం ఉదయం చూస్తే, ముందురోజు 640 రూపాయల దగ్గర ముగిసిన షేరు 616కే దొరుకుతోంది. ధర కూడా కలిసొచ్చిందని సంతోషపడి 500 షేర్లు 3,08,000 రూపాయలకు కొన్నారు. షేరుకి 24 రూపాయల చొప్పున 12,000 వస్తుందని లెక్కేసుకున్నారు.

మూడు వారాల తర్వాత ఆ బంధువుకి డివిడెండ్ పడింది, ఈవిడకి పడలేదు. బ్రోకర్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీరు అర్హులు కారు మేడమ్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ సాయంత్రమే చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, పడిందా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక "పడింది" అనేశారు. మర్నాడు జీతంలోంచి 6,000 తీసి చెల్లెలికి పంపారు. ఈ సంగతి భర్తకి కూడా తెలియదు. ఇప్పుడు షేరు 598 దగ్గరుంది. అదే కంపెనీ ఒకటికి ఒకటి, అంటే ఉన్న ప్రతి షేరుకి ఇంకో షేరు, బోనస్ ప్రకటించింది. గ్రూపులో "డబ్బు డబుల్" అంటున్నారు. చెల్లెలు తన రికరింగ్ డిపాజిట్ తీరిన 3 లక్షలు కూడా పెడతానని ఈ ఆదివారం వస్తోంది. బ్రోకర్ మోసం చేశాడా? షేర్లు అమ్మేయాలా? బోనస్ కోసం చెల్లెలి డబ్బు పెట్టొచ్చా? అన్నిటికన్నా, తనకి ఏమని చెప్పాలి? ఇవీ ఆవిడ ప్రశ్నలు. నిద్ర పట్టడం లేదని రాశారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నిటికంటే ముందు మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. మీరు ఆ 12,000 పోగొట్టుకోలేదు. మిమ్మల్ని ఊరడించడానికి ఈ మాట అనడం లేదు. మీరు రాసిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి.

గురువారం సాయంత్రం 640. డివిడెండ్ 24. తీసేస్తే 616. మీరు శుక్రవారం కొన్నది సరిగ్గా 616కే. అదృష్టం అనుకున్నారు చూడండి, ఆ తగ్గిన 24 రూపాయలే డివిడెండ్. కాపు మీదున్న చెట్టుకి ఇచ్చే ధర కాయలు దింపేసిన చెట్టుకి ఎవరూ ఇవ్వరు కదా. గురువారం అమ్మిన షేరుతో పాటు డివిడెండ్ హక్కు కూడా కొన్నవారికి వెళ్లింది. శుక్రవారం నుంచి ఆ హక్కు లేని షేరు అమ్ముడైంది. డివిడెండ్ హక్కు విడిపోయే ఆ రోజునే ఎక్స్ డేట్ అంటారు. మామూలు డివిడెండ్లకి ఎక్స్ఛేంజీ తనంతట తాను ధర తగ్గించదు. ఇక ఆ 24 రాదని తెలిసిన కొనుగోలుదారులే అంత తక్కువ ఇస్తామంటారు. ప్రతిసారీ ఇంత కచ్చితంగా సరిపోదు, ఆ రోజు మార్కెట్ ఊపు ఎటుంటే అటు కొంత అటూఇటూ అవుతుంది. మీ విషయంలో రూపాయికి రూపాయి సరిపోయింది.

ఇప్పుడు చెల్లెలి డబ్బు గురువారం ఉదయమే వచ్చి, మీరు ఆ రోజే 640 దగ్గర కొన్నారనుకుందాం. 500 షేర్లకి 3,20,000 అయ్యేది. శుక్రవారం ఆ షేర్ల విలువ 3,08,000కి దిగేది. కొన్నాళ్లకి 12,000 డివిడెండ్ వచ్చేది, అదీ పూర్తిగా కాదు. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో వచ్చే డివిడెండ్ 10,000 దాటితే కంపెనీ 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోసుకుని ఇస్తుంది. అంటే మీ చేతికి 10,800 అందేది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను వాటాదారే కట్టాలి కాబట్టి, మొత్తం 12,000 మీ జీతానికి కలిపి మీ స్లాబు ప్రకారం లెక్కగట్టేవారు. కోసిన 1,200ని అందులో సర్దుబాటు చేసుకోవచ్చు. అయినా షేరు ధరలో 12,000 పోగొట్టుకుని, దాన్నే పన్ను పడే ఆదాయంగా వెనక్కి తెచ్చుకోవడమే జరిగేది. మీరు శుక్రవారం కొనడం వల్ల ఆ 12,000 మీ దగ్గరే ఉండిపోయింది, పన్ను లేకుండా.

కాబట్టి చెల్లెలికి పంపిన ఆ 6,000, జరగని నష్టానికి మీరు కట్టిన పరిహారం. ఇది చదివితే మీకు బాధ కలగొచ్చు. కానీ ఇన్నాళ్లూ మోస్తున్న బరువులో సగం దిగుతుందని కూడా నా నమ్మకం.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, "ఆ రోజుకి షేర్లు ఉంటే చాలు" అన్న మాట దగ్గర. ఆ మాట తప్పు కాదు. కానీ షేరు కొనడం వేరు, అది మన ఖాతాలో ఉండడం వేరు. మన మార్కెట్లో ఈ రోజు కొంటే షేరు డీమ్యాట్‌లోకి వచ్చేది తర్వాతి పనిరోజున. దీన్నే టీ ప్లస్ వన్ అంటారు. రికార్డ్ డేట్ ముగిసే వేళకి ఎవరి ఖాతాలో ఎన్ని షేర్లున్నాయో డీమ్యాట్ షేర్లని భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ అనే రెండు డిపాజిటరీల లెక్క నుంచి కంపెనీకి జాబితా అందుతుంది. గురువారం కొన్నవారి షేర్లు శుక్రవారానికి ఖాతాలో పడ్డాయి, వాళ్ల పేర్లు జాబితాలోకి వచ్చాయి. మీరు శుక్రవారం కొన్నవి సోమవారం పడ్డాయి. ఆ శుక్రవారం మీకు అమ్మినవారు షేర్లు వదులుకుని కూడా డివిడెండ్ అందుకున్నారు. నిబంధన ప్రకారం అది వాళ్లదే.

ఈ విషయంలో తికమక పడేది మీరొక్కరే కాదు. 2003 ఏప్రిల్ నుంచి చాలా ఏళ్లు మన దగ్గర టీ ప్లస్ టూ నడిచింది. షేరు రావడానికి రెండు పనిరోజులు పట్టేది కాబట్టి ఎక్స్ డేట్ రికార్డ్ డేట్‌కి ఒక రోజు ముందుండేది. 2022 ఫిబ్రవరి నుంచి విడతలవారీగా మార్చుకుంటూ వచ్చి, 2023 జనవరి 27 నాటికి షేర్లన్నిటినీ టీ ప్లస్ వన్‌లోకి తెచ్చారు. అప్పటి నుంచి సాధారణంగా ఎక్స్ డేట్, రికార్డ్ డేట్ ఒకే రోజు వస్తున్నాయి. పాత వ్యాసాల్లో రెండూ వేరువేరు రోజులుగా కనిపిస్తే అందుకే. ఇంకో మెలిక కూడా ఉంది. బ్యాంకు సెలవుల్లాంటి కొన్ని రోజుల్లో మార్కెట్ నడుస్తుంది కానీ సెటిల్‌మెంట్ జరగదు. అలాంటప్పుడు రోజులు లెక్కపెట్టుకుంటే తప్పుతాం. ఎక్స్ఛేంజీ ప్రకటనలో ఎక్స్ డేట్ ఏదో చూసి, అంతకు ముందు ట్రేడింగ్ రోజుకల్లా కొంటేనే హక్కు. అమ్మేవారికైతే ఎక్స్ డేట్ రోజు ఉదయమే అమ్మేసినా డివిడెండ్ దక్కుతుంది.

ఆ 1200 శాతం సంగతి కూడా చెప్పాలి. మీ చెల్లెలిని ఊరించింది ఆ అంకేనని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఆ శాతం మార్కెట్ ధర మీద కాదు, షేరుకి కంపెనీ పెట్టుకున్న ముఖ విలువ మీద. ఈ షేరు ముఖ విలువ 2 రూపాయలై ఉండాలి, అందుకే 1200 శాతం అంటే 24 అయింది. 640 పెట్టి కొన్నవారికి 24 అంటే నాలుగు శాతం కూడా లేదు. డివిడెండ్ వార్త వచ్చినప్పుడల్లా శాతం వదిలేసి షేరుకి ఎన్ని రూపాయలన్నది చూడండి, దాన్ని ఆ రోజు ధరతో పోల్చండి. చెల్లెలికి కూడా ఇది ఒకసారి కాగితం మీద వేసి చూపించండి.

ఇక బ్రోకర్ సంగతి. అతను మోసం చేయలేదు. అర్హత నిర్ణయించేది బ్రోకర్ కాదు, డివిడెండ్ అతని చేతి మీదుగా రాదు కూడా. కంపెనీ తరఫున వాటాదారుల లెక్కలు చూసే రిజిస్ట్రార్ సంస్థ నేరుగా మీ డీమ్యాట్‌కి జోడించిన బ్యాంకు ఖాతాకి పంపుతుంది. ఫోన్‌లో మాట్లాడినవాళ్లు రెండు వాక్యాలు ఎక్కువ చెప్పి ఉంటే మీకిన్ని నిద్రలేని రాత్రులు తప్పేవి, ఆ కోపం నాకూ ఉంది. కానీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఫిర్యాదు చేస్తే మీకు దొరికే జవాబు అదే. మీ ఓపిక ఖర్చవుతుంది తప్ప ఫలితం ఉండదు. నిజంగా అర్హత ఉండి, ప్రకటించిన 30 రోజుల్లో డబ్బు రాకపోతే మాత్రం ఊరుకోవద్దు. ముందు ఆ రిజిస్ట్రార్‌కి రాయండి, కదలకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. చాలాసార్లు కారణం మూసేసిన పాత బ్యాంకు ఖాతా ఇంకా డీమ్యాట్‌లో ఉండిపోవడమే. మీది ఏదుందో ఒకసారి చూసుకోండి. ఏడేళ్లు అడగని డివిడెండ్ ప్రభుత్వ ఇన్వెస్టర్ నిధికి వెళ్లిపోతుంది, వరసగా ఏడేళ్లూ తీసుకోకపోతే ఆ షేర్లు కూడా వెళ్తాయి. వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ చాలా తిరగాలి.

షేర్లు అమ్మాలా, ఉంచుకోవాలా? 616 నుంచి 598కి షేరుకి 18 రూపాయలు, మొత్తం 9,000 తగ్గింది. దీనికీ డివిడెండ్‌కీ సంబంధం లేదు. గురువారం కొన్నా ఈ తగ్గుదల మీ నెత్తిన పడేదే. కాబట్టి రాని డివిడెండ్‌ని రాబట్టుకోవాలన్న పట్టుదలతో ఉంచుకోవద్దు, మనసు విరిగిందని అమ్మొద్దు. ఈ డివిడెండ్ మెసేజ్ రాకపోయి ఉంటే ఈ కంపెనీ షేరు కొనేవారా? ఏం వ్యాపారం చేస్తుంది, లాభాలెలా ఉన్నాయి, అప్పులెన్ని అని మీకు తెలుసా? తెలిసి, నచ్చితే ఉంచుకోవచ్చు. ఇంకా పడొచ్చు, పెరగొచ్చు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. తెలియకపోతే అమ్మేయడం కూడా మంచి నిర్ణయమే. అమ్మితే సుమారు 2,99,000 చేతికొస్తుంది, చిన్న ఖర్చులు పోగా. ఆ నష్టం స్వల్పకాలిక మూలధన నష్టం కింద లెక్కకొస్తుంది. ఇతర షేర్ల లాభాలుంటే వాటిలో తీసేసుకోవచ్చు. లేకపోతే ఆదాయపు పన్ను రిటర్న్ గడువులోపు వేసి ఎనిమిదేళ్ల వరకు ముందుకి తీసుకెళ్లొచ్చు. సగం అమ్మి సగం ఉంచుకోవడం మూడో దారి. మీ ఇద్దరి అవసరాలు వేరైతే అదే నయం కావచ్చు.

బోనస్ సంగతి కాస్త జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే గురువారం, శుక్రవారం కథే ఇంకో వేషంలో వస్తోంది. కొన్ని దేశాల్లో స్టాక్ డివిడెండ్ అనేదాన్ని మన దగ్గర బోనస్ షేర్లంటాం. ఇందులో కంపెనీ నుంచి రూపాయి కూడా బయటికి రాదు. తన దగ్గరున్న నిల్వల్ని వాటా మూలధనంగా మార్చి, కొత్త షేర్లు పంచుతుంది. డివిడెండ్‌కి బదులుగా బోనస్ ఇవ్వకూడదని 2013 కంపెనీల చట్టమే చెబుతోంది. ఒకటికి ఒకటి అంటే మీ 500 షేర్లు 1000 అవుతాయి, 598 ధర 299కి దగ్గరగా వస్తుంది. అప్పుడూ ఇప్పుడూ 2,99,000. రేపు ఆ కంపెనీ అంతే లాభం పంచినా షేరుకి 24 కాకుండా 12 వస్తుంది. గ్రూపులో అంటున్న డబుల్ షేర్ల సంఖ్యలోనే ఉంది, డబ్బులో లేదు.

మీ దగ్గర షేర్లున్నాయి కాబట్టి, ఎక్స్ డేట్‌కి ముందు అమ్మకపోతే బోనస్ దానంతట అదే వస్తుంది. అర్హత లెక్క డివిడెండ్‌కి ఉన్నదే. ఆ రోజు యాప్‌లో షేరు సగానికి పడినట్టు ఎర్రగా కనిపిస్తుంది, కొత్త షేర్లు ఇంకా కనిపించవు. భయపడి అమ్మొద్దు. 2024 అక్టోబర్ నుంచి ప్రకటించే బోనస్‌లకి సెబీ పెట్టిన నియమం ప్రకారం రికార్డ్ డేట్ తర్వాత రెండో పనిరోజుకల్లా ఆ షేర్లు అమ్ముకోవడానికి వీలుగా రావాలి. ఒక పన్ను సంగతి మీకు నేరుగా తగులుతుంది. బోనస్ రికార్డ్ డేట్‌కి ముందు మూడు నెలల్లో కొన్న షేర్లని, ఆ తర్వాత తొమ్మిది నెలల్లోపు నష్టానికి అమ్మి బోనస్ షేర్లని మాత్రం ఉంచుకుంటే, ఆ నష్టాన్ని లాభాల్లోంచి తీసేసుకోనివ్వరు. దాన్ని ఉంచుకున్న బోనస్ షేర్ల కొనుగోలు ఖర్చుగా చూస్తారు. మీరు కొని రెండు మూడు నెలలే అవుతోంది కాబట్టి, అమ్మాలని ఎలాగూ అనుకుంటే బోనస్‌కి ముందే అమ్మడం సులువు. బోనస్ వదులుకున్నామన్న బాధ అక్కర్లేదు, దాని విలువ అప్పటి ధరలోనే ఉంటుంది.

ఇప్పుడు ఆదివారం గురించి. ఇందులో నాకు కనిపించే దారులు ఇవి.

ఏదో సాకు చెప్పి 3 లక్షలు తీసుకోకుండా తప్పించుకోవచ్చు. గొడవ ఉండదు. కానీ చెల్లెలు డివిడెండ్ అంటే కొనగానే వచ్చే డబ్బని నమ్మింది, ఆ నమ్మకానికి సాక్ష్యం మీరు పంపిన 6,000. మీరు కాదంటే ఆ మెసేజ్ పెట్టిన బంధువు ద్వారా పెడుతుంది. అప్పుడు నష్టం వస్తే, తెలిసి కూడా చెప్పలేదన్న బాధ మీకు ఇంకా పెద్దదవుతుంది.

లేదా డివిడెండ్ సంగతి ఎత్తకుండా, బోనస్‌లో లాభం లేదన్న లెక్క మాత్రం చెప్పొచ్చు. ఆ 3 లక్షలు ఆగుతాయి. కానీ షేర్లు అమ్మే రోజున ఇద్దరి వాటా తేల్చాలి కదా. ఇప్పుడే అమ్మితే చెరి 1,49,500 వస్తుంది. తను పెట్టింది 1,54,000, మీ 6,000 కలిపితే తనకి 1,500 మిగిలినట్టు. మీకేమో 10,500 పోయినట్టు. ఆ తేడా మీ మనసులో ఉండిపోతుంది. తనకి ఎప్పటికీ తెలియని ఒక చిన్న కోపం మీకు తన మీద పెరుగుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

మూడోది, ఉన్నదున్నట్టు చెప్పేయడం. నా మొగ్గు దీనివైపే. తను నొచ్చుకుంటుంది, డబ్బు గురించి కాకపోవచ్చు, "నాతో అబద్ధం ఎందుకు చెప్పావక్కా?" అని. దానికి మీ దగ్గర నిజమైన జవాబుంది. నీ డబ్బు పోగొట్టానేమోనని భయపడ్డాను అని చెప్పండి. ఆ తర్వాత 640, 24, 616 అంకెలు వేసి చూపించండి, ఎవరి డబ్బూ పోలేదని తనే చూస్తుంది. ఆ 6,000 వెనక్కి అడగాలా వద్దా అన్నది మీ ఇద్దరి మధ్య విషయం. నన్నడిగితే అడగకుండా, లెక్కలో రాసి మాత్రం ఉంచండి. అమ్మేటప్పుడు ఎలా సర్దుకోవాలో తనే చెబుతుంది. మీ ఆయనకి ఆదివారం కంటే ముందే చెప్పడం మంచిది. చెల్లెలి నోట వింటే వేరేగా ఉంటుంది.

ఇకముందు తను షేర్లు కొనాలంటే తన పేరు మీదే డీమ్యాట్ తెరిపించండి. ఇప్పుడు మీ ఖాతాలో ఉన్నవాటికి రేపు ఏ డివిడెండ్ వచ్చినా మీ పాన్ మీదే వస్తుంది, పన్ను మీ లెక్కలోకే చేరుతుంది, అందులో తన సగం ఎంత అన్నది మళ్లీ మీరే తేల్చుకోవాలి. తన ఖాతా తెరిచాక తన 250 షేర్లని మీ ఖాతా నుంచి దానిలోకి మార్చవచ్చు, మీ బ్రోకర్ దగ్గర దానికి పద్ధతి ఉంది.

అంతా విన్నాక "నా డబ్బు నాకిచ్చేయక్కా" అని తను అనొచ్చు. అది కోపంతో అన్నా మామూలుగా అన్నా, దానికి సిద్ధంగా ఉండండి. సోమవారం 250 షేర్లు అమ్మితే డబ్బు మంగళవారం ట్రేడింగ్ ఖాతాకి వస్తుంది, అక్కడి నుంచి మీ బ్యాంకుకి తీసుకుని బుధ, గురువారాలకి పంపగలరు. ఎంత వస్తుందో ఆ రోజు ధరని బట్టే తెలుస్తుంది. ఈ మాట కూడా ఆదివారమే చెప్పేయండి.